కుందేలుకు ఆపరేషనా? లెక్కపెట్టాల్సింది కుట్లు కాదు, పెంటికలు!

కుక్కకు నొప్పేస్తే కుయ్యోమంటుంది. పిల్లి అయితే దగ్గరికెళ్లినా గుర్రుమంటుంది. కుందేలు మాత్రం ఏమీ చెప్పదు. కడుపు కోసి కుట్లు వేసిన మర్నాడు కూడా నోరు మూసుకుని ఓ మూల బుద్ధిగా కూర్చుంటుంది. చూసినవాళ్లు ‘పాపం, ఎంత ఓర్పో’ అనుకుంటారు. అది ఓర్పు కాదు, భయం. అడవిలో కుందేలంటే నక్కకూ గద్దకూ తిండి. నీరసంగా కనిపించినదాన్నే ముందు పట్టుకుపోతారు. అందుకే బాధను దాచుకోవడం దాని రక్తంలోనే ఉంది. మన ఫ్లాట్‌లో, ఫ్యాను కింద, మెత్తని తువ్వాలు మీద పడుకున్నా ఆ అలవాటు పోదు.

ఆడ కుందేలుకు గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్ చేయిద్దామనుకునేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. థియేటర్లో గడిచే సమయం డాక్టర్ చేతిలో ఉంటుంది. ఆ తర్వాతి పది రోజులు మన చేతిలో ఉంటాయి. ఆ పది రోజుల్లో అసలు గండం కుట్ల దగ్గర కాదు, పేగుల దగ్గర!

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా ఇంట్లో ఉన్న కుందేలు పేరు దూది. పేరుకు తగ్గట్టే తెల్లగా ఉంటుంది. ఆపరేషన్ నాటికి దాని వయసు పదకొండు నెలలు, బరువు కిలో ఎనిమిది వందల గ్రాములు. దాన్ని చూసుకోవడంలో నేను నేర్చుకున్నవి, డాక్టర్ చెప్పినవి, మా అమ్మ తన పల్లెటూరి అనుభవంతో పట్టేసినవి అన్నీ కలిపి ఇక్కడ చెబుతున్నా.

అసలు ఆపరేషన్ ఎందుకు?

‘మూగజీవిని ఎందుకే హింసపెట్టడం’ అని మా చుట్టాలు చాలామంది అన్నారు. ‘ఒక్క కాన్పు కానిచ్చి అప్పుడు చేయించు’ అన్నవాళ్లూ ఉన్నారు. కాన్పు అయితే ఆరోగ్యానికి మంచిదన్నది వట్టి అపోహ. ఆడ కుందేలు వయసు మీద పడేకొద్దీ దానికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. కొన్ని జాతుల మీద చేసిన పరిశీలనల్లో నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో సగానికి పైగా ఈ జబ్బు కనిపించింది. ఇంట్లో బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. అంటే సగం జీవితం ఈ ముప్పుతోనే గడపాలన్నమాట.

ఇక జంటగా పెంచేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? కుందేలు గర్భం దాదాపు 31 రోజులే. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఓ జంటను తెచ్చుకుంటే ఏడాది తిరిగేలోగా ఇల్లు మందైపోతుంది.

దూది విషయంలో మరో చిక్కొచ్చింది. మగ కుందేలు మొహం కూడా చూడలేదు, కానీ ఓ రోజు గడ్డి నోట కరుచుకుని మంచం కిందికి మోయడం మొదలెట్టింది. పొట్ట మీది బొచ్చు తానే పీక్కుని గూడు కట్టింది. చెయ్యి పెడితే గుర్రుమంటూ మీదికొచ్చింది. దీన్ని ఉత్తుత్తి గర్భం అంటారు. రెండు వారాల పైనే ఉంటుంది, తగ్గాక మళ్లీ మళ్లీ వస్తుంది. దూదికి రెండోసారి వచ్చాక ఆపరేషన్ చేయించాలని నిర్ణయించుకున్నా. సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల వయసు దాటాక చేస్తారు.

డాక్టర్‌ని అడగాల్సిన ఐదు ప్రశ్నలు

కుక్కలూ పిల్లులూ చూసే డాక్టర్లందరూ కుందేళ్లను చూడరు. కుందేలు శరీరం తీరే వేరు. మత్తు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నేను ఫోన్లు చేసి అందరినీ ఇవే అడిగాను. ఇంతవరకు ఎన్ని కుందేళ్లకు ఈ ఆపరేషన్ చేశారు? మత్తు ఏ పద్ధతిలో ఇస్తారు, మత్తులో ఉన్నంతసేపూ ఎవరు కనిపెడతారు? ముందు రక్తపరీక్ష చేస్తారా? ఇంటికి నొప్పి మందు ఇచ్చి పంపుతారా? రాత్రి పూట తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

ఒకచోట ‘ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకండి’ అన్నారు. అక్కడితో ఆ ఫోన్ పెట్టేశాను. కుక్కనీ పిల్లినీ పస్తు పెట్టేది మత్తులో వాంతి చేసుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుందని. కుందేలుకు అసలు వాంతి కాదు. దాని కడుపు నిర్మాణమే అంత. పైగా గంటల తరబడి పస్తు పెడితే పేగులు మందగిస్తాయి. నోట్లో తిండి మిగలకుండా ఆపరేషన్‌కు గంటా రెండు గంటల ముందు మాత్రం గడ్డి తీసేస్తే చాలంటారు. చివరికి నేను ఎంచుకున్న డాక్టర్ తనంతట తానే ‘వచ్చేటప్పుడు దాని గడ్డి, అలవాటైన ఆకుకూర డబ్బాలో పెట్టుకురండి, మెలకువ రాగానే పెడదాం’ అన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

దగ్గర్లో కుందేళ్లను చూసేవాళ్లు దొరక్కపోతే పశువైద్య కళాశాలల్లో వాకబు చేయొచ్చు. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం కళాశాలలు ఉన్నాయి. కుందేళ్లకు ఆపరేషన్ చేసేవాళ్లు ఏ రోజు ఉంటారో ముందే కనుక్కుని వెళ్లండి.

కాలం కూడా చూసుకోవాలి. కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల ద్వారానే పోవాలి. అందుకే మన ఎండాకాలం దానికి మామూలు రోజుల్లోనే కష్టం. దూదికి నవంబర్ చివర్లో చేయించాం.

ఇంటికొచ్చిన మొదటి రాత్రి

కుందేలుకు స్పృహ వచ్చింది కదా అని వెంటనే ఇంటికి తీసుకొచ్చేయకూడదు. నోట్లో ఓ ఆకైనా పెట్టుకుందా, ఒళ్లు వెచ్చగా ఉందా చూశాకే బయల్దేరాలి. కుందేలు ఒంటి ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మనకు జ్వరమనిపించేది దానికి మామూలే. మత్తు వల్ల ఈ వేడి పడిపోతుంది. వేడినీళ్లు పోసిన సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టాలి, కానీ అక్కర్లేదనుకుంటే దూరం జరిగే చోటు కూడా ఉండాలి.

దూది పడుకునే చోట చెక్కపొట్టు తీసేసి పాత కాటన్ తువ్వాళ్లు పరిచాను. పొట్టు అయితే కుట్లకు అంటుకుంటుంది. తువ్వాలు తెల్లదైతే రక్తపు చుక్క పడినా ఇట్టే కనిపిస్తుంది. ఎక్కడానికీ దూకడానికీ ఏమీ లేకుండా బోనును నేల మీదే ఉంచాను. నీళ్లు సీసా నుంచి కాకుండా వెడల్పు గిన్నెలో పెట్టాను. మెడ ఎత్తకుండానే తాగొచ్చు.

ఆ రాత్రి పదింటికి నాలుగు రెమ్మలు కొత్తిమీర తింది. గడ్డి ముట్టలేదు.

పేగు ఆగితే ప్రాణం మీదికే

కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాల్సిన యంత్రం. రోజంతా పీచు లోపలికి పోతుండాలి, పెంటికలు బయటికి వస్తుండాలి. నొప్పి, బెదురు, మత్తు... ఏ కారణంతోనైనా తిండి ఆగితే పేగు కదలిక తగ్గుతుంది. లోపల గ్యాసు పట్టి కడుపు ఉబ్బుతుంది. ఉబ్బితే నొప్పి, నొప్పితో మళ్లీ తినదు. ఈ వలయంలో పడితే ఆరోగ్యంగా కనిపించే కుందేలు కూడా ఒకటి రెండు రోజుల్లో చేజారిపోవచ్చు. పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే అది ఎమర్జెన్సీయే. ‘రేపు చూద్దాం’ అనుకునే విషయం కాదు.

నాకు సాయంగా అమ్మ ఖమ్మం దగ్గర మా ఊరి నుంచి వచ్చింది. ఆమె చిన్నప్పటి నుంచి బర్రెల మధ్య పెరిగిన మనిషి. నేను ఇదంతా వివరిస్తుంటే మధ్యలోనే ఆపి, ‘‘నెమరేయని గొడ్డును చూస్తే మాకు తెల్వదా బిడ్డా? ఇదీ అంతేగదా’’ అంది. కుందేలు నెమరు వేయదు కానీ అమ్మ పట్టుకున్న సూత్రం మాత్రం సరైనదే. గడ్డి తినే జీవికి పొట్ట నడుస్తోందంటే ప్రాణం నడుస్తున్నట్టు.

ఫ్రిజ్ తలుపుకు ఓ కాగితం అంటించాం. టైము, ఏం తింది, ఎంత తింది, మూత్రం, పెంటికలు ఎన్ని, ఏ సైజు, ఏ మందు ఇచ్చాం... ఇవీ గడులు. ఆఫీసులో సర్వర్ల మీద ఓ కన్నేసి ఉంచడమే నా ఉద్యోగం. దానికంటే ఈ కాగితానికే ఎక్కువ భయపడ్డాను ఆ వారం.

మామూలు పెంటిక గుండ్రంగా, కాబూలీ శనగంత ఉంటుంది. వేలితో నొక్కితే లోపల గడ్డి పొడిలా కనిపిస్తుంది. కుందేలు రోజుకు ఇలాంటివి వందల్లో వేస్తుంది. ఆపరేషన్ తర్వాత ఇవి తగ్గి, చిన్నవవుతాయి. మిరియపు గింజల్లా, గట్టిగా వస్తున్నాయంటే పేగు మందగించినట్టు. అసలు రాకపోతే ఆగినట్టు. మెత్తగా, చిన్న నల్లద్రాక్ష గుత్తిలా ఉండేవి వేరే రకం. వాటిని కుందేలు వెనక్కి వంగి నేరుగా తినేస్తుంది, వాటిలో దానికి పోషకాలుంటాయి. కుట్లు లాగడం వల్ల వంగలేక రెండు రోజులు అవి తువ్వాలు మీద కనిపించినా గాబరా పడక్కర్లేదు.

దూది కాగితంలో ఆ రాత్రి పదకొండు నుంచి తెల్లవారి అయిదింటి దాకా పెంటికల గడిలో అన్నీ సున్నాలే. కొత్తిమీర పెడితే మొహం తిప్పుకుంది. ముందుకు ముడుచుకుని, కళ్లు సగం మూసి కూర్చుంది. చెవి దగ్గర పెట్టి వింటే పళ్లు కటకటా కొరుకుతున్న శబ్దం. ప్రేమగా నిమిరినప్పుడు కూడా కుందేలు పళ్లు ఆడిస్తుంది కానీ అది మెల్లగా, గరగరమన్నట్టు ఉంటుంది. ఇది వేరు. ఇది నొప్పి. అమ్మ కాగితం వంక చూసి, ‘‘పొద్దెక్కేదాకా ఆగేది లేదు, ఫోన్ చెయ్యి’’ అంది.

కుందేలు మొహంలోని నొప్పిని చదవడానికి 2012లో పరిశోధకులు ఓ కొలమానం తయారుచేశారు. కళ్లు మూతలు పడటం, బుగ్గలు చదునవడం, ముక్కు ఆకారం మారడం, మీసాలు, చెవుల తీరు... ఈ ఐదూ చూస్తారు. దూది మొహంలో మూడు కనిపిస్తున్నాయని డాక్టర్‌కి చెప్పాను. వెంటనే తీసుకురమ్మన్నారు.

ఆరున్నరకి ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టర్ కడుపు నొక్కి చూసి, ఎక్కడా అడ్డు లేదని తేల్చుకున్నాకే పేగు కదలిక మందు ఇచ్చారు. అడ్డు ఉంటే ఆ మందు ప్రమాదమట. నొప్పి మందు మళ్లీ ఇచ్చారు. చర్మం కింద సెలైన్ ఎక్కించారు. సిరంజితో మెత్తని తిండి పెట్టడం నాకు చూపించారు. మధ్యాహ్నం మూడింటి దాకా ఇంట్లో ఎవరం సరిగ్గా తిననేలేదు. మూడుంపావుకి అమ్మ బోను దగ్గర నుంచి కేకేసింది: ‘‘ఏసింది! ఏడు!’’ మిరియాలంత ఉన్నాయి. అయినా ఏడు. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నేను అంత సంతోషపడలేదు.

సిరంజితో ఎలా పెట్టాలి?

కోలుకుంటున్న కుందేళ్ల కోసం నీళ్లలో కలిపే పొడి తిండి దొరుకుతుంది. ముందే తెప్పించి పెట్టుకోవడం మంచిది. దొరక్కపోతే రోజూ పెట్టే పెల్లెట్లనే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా చిదిమి వాడమన్నారు మా డాక్టర్. ఎంత పెట్టాలో బరువును బట్టి ఆయన చెప్పారు. కడుపు బాగా ఉబ్బి గట్టిగా ఉంటే మాత్రం డాక్టర్ చూడకుండా బలవంతంగా పెట్టకూడదు.

కుందేలును తువ్వాలులో చుట్టి, నాలుగు కాళ్ల మీదే కూర్చోబెట్టాలి. వెల్లకిలా పడుకోబెడితే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. సిరంజి కొన పక్క నుంచి అక్కడ పెట్టి కొంచెం కొంచెంగా, నమిలి మింగాకే మళ్లీ ఇవ్వాలి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద ఉండాలి. వెనక కాళ్లు గాల్లో తన్నుకుంటే వెన్నెముక విరిగే ప్రమాదం ఉంది.

తనంతట తాను తినడానికి గడ్డి ఎప్పుడూ ముందుండాలి. తిమోతి గడ్డి ఉంటే సరే, లేదంటే మందులు కొట్టని శుభ్రమైన గరిక. కొత్తిమీర, పుదీనా వాసనకు మొదట నోరు తెరుస్తాయి. క్యాబేజీ, క్యారెట్, పండ్లు, బిస్కెట్లు ఈ పది రోజులూ వద్దు. సినిమాల్లో చూపించినట్టు కుందేలుకు క్యారెట్ తిండి కాదు, మిఠాయి!

మందులు, కుట్లు

నొప్పి మందును ‘బాగానే ఉంది కదా’ అని ఆపొద్దు. బాగున్నది మందు వల్లే. మన మెడికల్ బాక్స్‌లోని మాత్ర ఏదీ సొంతంగా ఇవ్వొద్దు. ముఖ్యంగా అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయోటిక్స్ నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చి, ప్రాణమే పోవచ్చు. కుక్కలకు పేల మందుగా వాడే ఫిప్రోనిల్ కూడా కుందేలుకు విషమే.

కుట్లను ఉదయం, సాయంత్రం చూడాలి. నేను రోజూ అదే చోట, అదే వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసేదాన్ని. నిన్నటి ఫొటో పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. మొదటి రెండు మూడు రోజులు కాస్త ఎరుపు, కొద్ది వాపు మామూలే. తర్వాత అవి తగ్గాలే తప్ప పెరగకూడదు. అమ్మ రెండో రోజు పసుపు గిన్నెతో వచ్చింది. ‘‘కాస్త అద్దుదామా?’’ అంది. పసుపు, కొబ్బరినూనె, డెటాల్, పౌడర్... ఏదీ వద్దన్నారు డాక్టర్. కుందేలు నాకేస్తుంది, పైగా గాయం తడిసిపోతుంది. అమ్మ ఆ పసుపును పప్పులో వేసింది.

స్నానం అసలే వద్దు. ఈగలు వాలకుండా చూసుకోవాలి. గాయం మీద ఈగ గుడ్లు పెడితే పురుగు పడుతుంది. బోనుకు దోమతెర కప్పితే చాలు. కుట్లు కొరుకుతుంటే మెడకు ప్లాస్టిక్ గొట్టం కట్టడం చివరి మార్గం. అది ఉంటే కుందేలు బెదిరి తిండి మానేస్తుంది, మెత్తటి పెంటికలూ అందవు. దూదికి డాక్టర్ సలహాతో పాత కాటన్ బనియన్ కత్తిరించి పొట్టకు తొడిగాం.

జత కుందేలు ఉంటే దాన్నీ ఆసుపత్రికి తీసుకెళ్లడం మేలు. ఆసుపత్రి వాసనతో తిరిగొచ్చిన దాన్ని రెండోది కొత్తదనుకుని కరిచిన సందర్భాలున్నాయి. అయితే ఆపరేషన్ కాని మగదైతే కుట్లు మానేదాకా వేరుగానే ఉంచాలి. మగదానికి ఆపరేషన్ చేయించినా కొన్ని వారాల పాటు దానికి పిల్లలు పుట్టించే శక్తి ఉంటుందని మర్చిపోవద్దు.

ఇవి కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి

• పది పన్నెండు గంటలుగా తిండి లేదు, లేదా పెంటికలు లేవు
• కడుపు డప్పులా బిగిసింది
• చెవులు చల్లబడ్డాయి, ఒళ్లు వాలిపోతోంది
• పళ్లు గట్టిగా కొరుకుతూ ముడుచుకుని కూర్చుంటోంది
• కుట్ల దగ్గర చీము, దుర్వాసన, రక్తం, లేదా కుట్టు విడింది
• నోరు తెరిచి ఊపిరి తీస్తోంది

‘ఇంకోటి కొనుక్కోవచ్చుగా?’

మూడో రోజు నుంచి దూది గడ్డి నమిలింది. ఐదో రోజుకు పెంటికలు శనగ సైజుకొచ్చాయి. పదో రోజు డాక్టర్ కుట్లు చూసి సరేనన్నారు. గూళ్లు కట్టడం, గుర్రుమనడం మరో నెల రోజులకు గానీ తగ్గలేదు. ఒంట్లో హార్మోన్లు సద్దుమణగడానికి ఆ మాత్రం టైము పడుతుంది.

ఈలోగా ఆఫీసులో ఓ మిత్రుడు అడిగాడు: ‘‘కుందేలు ఖరీదెంత, నువ్వు పెట్టిన ఖర్చెంత? ఆ డబ్బుతో ఇంకో నాలుగు కొనుక్కోవచ్చుగా?’’ ఎంత చెప్పినా అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాకు కోపం రాలేదు. చాలామంది కుందేలును అలాగే తెస్తారు. పిల్లల పుట్టినరోజుకు అట్టపెట్టెలో తెచ్చే బొమ్మలా. బొమ్మకైతే కడుపు నొప్పి రాదు.

అందుకే మీ కుందేలుకు ఆపరేషన్ అనుకుంటే తేదీ ఖాయం చేసే ముందు మూడు పనులు చేయండి. మొదటి మూడు రోజులు ఇంట్లో ఒకరు సెలవు పెట్టగలరో లేదో చూసుకోండి. రాత్రి ఫోన్ ఎత్తే డాక్టర్ నంబర్ రాసిపెట్టుకోండి. ఓ వారం ముందు నుంచే మీ కుందేలు రోజుకు ఎంత తింటోందో, ఎలాంటి పెంటికలు వేస్తోందో గమనించండి. మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా వచ్చినప్పుడు మీకు తెలుస్తుంది. దానికి నోరు లేదు కాబట్టి ఆ లెక్కే దాని మాట.